చల్లగానే ఉందనుకున్న బల్బు టోపీ

తన చేత్తో చేసిన వస్తువు ఇంకొకరి ఒళ్లు కాల్చడం. పిల్లతల్లికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం అదే. బిడ్డకు పాలసీసా పట్టే ముందు మణికట్టు మీద చుక్క వేసి చూసుకునే మనిషి. నీళ్లు పోసే ముందు మోచెయ్యి ముంచి, నమ్మకం చాలక మళ్లీ ముంచి చూసే మనిషి. ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అంత జాగ్రత్తపడే మనిషికే ఆ భయం నిజమై వచ్చి ఎదురుగా కూర్చుంది.

కిందటి వారం మనం ఆ కుట్టు కార్ఖానాను పొగ మధ్య వదిలి వచ్చాం. జారుడత్త మిషను మీద వంగి కుడుతుండగా, బల్బుకు తొడిగిన షేడు లోపలి పొర రాజుకుని, ఊడి, ఆమె కుడిచేతి మీద పడింది. బల్బు షేడును అక్కడ అందరూ టోపీ అంటారు. పట్టు, శాటిన్, వేళ్ల మధ్య నిలవని బట్ట ఏదొచ్చినా ఆమె మిషను దగ్గరికే పంపుతారు కనక ఆమె జారుడత్త అయింది. ఆ చేతికి ఇప్పుడు కట్టు కట్టి ఉంది. కార్ఖానా నడిపే పెద్దక్క ఆ రోజే మిషన్లూ లైట్లూ చూసే మెకానిక్ బాబాయిని పిలిచి, వైర్లు సరిగా బిగించని మనిషి తనకొద్దంది. ఆయన ఎంత చెప్పినా వినలేదు. పిల్లతల్లి చంకలో బిడ్డతో అక్కడే నిలబడి అంతా విన్నది. నోరు తెరవలేదు.

ఎందుకు తెరవలేదంటే, ఆ టోపీ చేసింది ఆమే.

అదేమీ దొంగచాటుగా చేసిన పని కాదు. ఆ కార్ఖానాలో పాతకాలం పసుపు బల్బులే వాడతారు. కొత్త తెల్ల లైట్ల కింద దారం రంగు ఒకలా కనపడి, బయటికి తీసుకెళ్తే ఇంకోలా తేలుతుందని పెద్దక్క వాటిని గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ బల్బుల మీద ఉండే రేకు టోపీ కాసేపటికే పెనంలా కాలేది. సూదిలో దారం ఎక్కించడానికి తల వంచిన వాళ్లందరికీ నుదుటి మీద ఎక్కడో ఒకచోట ఎర్రటి చార ఉండేది. అది చూస్తే ఎవరు ఎక్కడ పనిచేస్తారో ఊరంతా చెప్పేదని ఆడవాళ్లు తమలో తాము నవ్వుకునేవాళ్లు. చెమట చుక్క బట్ట మీద పడి మరకైతే మాత్రం ఎవరికీ నవ్వొచ్చేది కాదు.

పిల్లతల్లి చదువు మధ్యలోనే ఆగిపోయింది. బుర్ర ఆగలేదు. ఇస్త్రీ బండివాడి దగ్గర పాడైపోయిన ఇస్త్రీపెట్టె ఒకటి విప్పుతుంటే, కాలే తీగకూ పైన పిడికీ మధ్య అభ్రకం రేకు కనపడింది. తీగ అంత కాలినా చేతికి సెగ తగలకుండా కాపాడేది అదన్నమాట. అప్పటినుంచి ఆమెకు అదే ధ్యాస. పౌడరు డబ్బా కత్తిరించి బయటి గోడ చేసింది. లోపల అభ్రకంతో ఇంకో గోడ. రెంటికీ మధ్య గాలి ఆడేంత సందు. వేడి పైకి పోవడానికి నెత్తిన చీలికలు. తొడిగి చూస్తే, బల్బు ఎంతసేపు వెలిగినా టోపీ మీద చెయ్యి ఆనించవచ్చు. కార్ఖానా అంతా పండగైపోయింది. అందరికీ టోపీలు పెట్టేస్తున్నావు తల్లీ అని మెకానిక్ బాబాయి ఎగతాళి చేస్తూనే, ఒక్కో మిషనుకూ తనే బిగించి పెట్టాడు.

చివర్లో అభ్రకం అయిపోయింది. ఇంకా రెండు మిషన్లు మిగిలాయి, జారుడత్తదీ దాని పక్కదీ. అందరికీ చేసి ఇద్దరిని వదిలేస్తే బాగుండదనిపించింది. అభ్రకం బదులు, చొక్కా కాలర్లో పెట్టే దళసరి గుడ్డను బంకతో అతికించి, దాని మీద వెండి కాగితం అంటించింది. అలాగని చూడకుండా తెచ్చి ఇచ్చే మనిషి కాదు. ఇంట్లో వెలిగించి పెట్టుకుని, చెయ్యి ఆనించి, తీసి, మళ్లీ ఆనించి చూసింది. చల్లగానే ఉంది. పిల్ల అదే గదిలో నిద్రపోతోంది. పిల్ల నిద్రపోతున్నంతసేపూ ఆ ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

జారుడు బట్ట కుట్టేవాళ్లు ఫ్యాను ఆపుకుంటారు. ఆపకపోతే బట్ట ఎగిరిపోతుంది, కుట్టు వంకర పోతుంది. జారుడత్త నెత్తిన ఉన్న ఫ్యాను తిరగగా చూసినవాళ్లు తక్కువ. అది కార్ఖానాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. పిల్లతల్లికీ తెలుసు. తెలిసి కూడా ఆ రెండు విషయాలనూ ఒకచోట పెట్టి చూసుకోలేదు. జారుడత్త కేక వేసినప్పుడు అందరూ ఆమె చేతి వైపు చూస్తే, పిల్లతల్లి తలెత్తి కదలని ఫ్యాను రెక్కల వైపు చూసింది. ఇంట్లో టోపీని చల్లగా ఉంచింది ఫ్యాను గాలేనని అప్పుడు తెలిసింది.

చెప్పేద్దామనుకుంది. చెబితే ఏమవుతుందో కూడా ఆ క్షణంలోనే కళ్లకు కట్టింది. బిడ్డను వెంట తెచ్చుకోనిచ్చే చోటు ఆ ఊళ్లో అదొక్కటే. కత్తిరింపు బల్ల కింద మెత్తటి గుడ్డముక్కలు పరిచిన బుట్టలో పిల్ల పడుకుంటే, కాలితో బుట్ట ఊపుతూ చేత్తో కుట్టుకోవచ్చు. ఒకరి ఒళ్లు కాల్చిందని తెలిశాక పెద్దక్క ఆ బుట్టను అక్కడ ఉండనిస్తుందా. అలా రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ రోజులు నెట్టింది. కాలిన టోపీని ఎవరూ చూడకముందే ఏరి, పిల్ల బట్టలు పెట్టుకునే సంచిలో అడుగున దాచింది.

జారుడత్తను చూడటానికి వెళ్లింది కూడా. అదే ఇంకా పెద్ద శిక్ష అయి కూర్చుంది. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వచ్చిన వాళ్లందరికీ ఒకే మాట చెబుతోంది. ఈ పిల్ల చేసిన టోపీ ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ మంట తిన్నగా మొహం మీదికే వచ్చేదట. చెప్పి, మంచి చెయ్యితో పిల్లతల్లి తల నిమిరింది. ఇంటికొచ్చాక మొగుడు ఏమైందని అడిగితే తలనొప్పి అని చెప్పి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇక ఈ రోజు సంగతి.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెనక వరండాలోకి వెళ్లారు. పిల్ల అప్పుడే నిద్రపోయిందని పిల్లతల్లి ఒక్కతే లోపల ఉండిపోయింది. అప్పుడు వచ్చాడు మెకానిక్ బాబాయి. తన పనిముట్ల సంచి ఇక్కడే ఉండిపోయిందని, తీసుకుపోదామని వచ్చానని చెప్పాడు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, పరాయి ఇంటికి వచ్చినవాడిలా అడిగి మరీ లోపలికి వచ్చాడు. అలా అడగడం ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. నిన్నమొన్నటిదాకా ఆయన పాట పాడుకుంటూ వచ్చి, ఎవరి సీసాలో నీళ్లు కనపడితే అవి తాగేసేవాడు.

సంచి సర్దుకున్నాడు గానీ కదలలేదు. కాలిన టోపీ ఎక్కడుందో చూశావా అని అడిగాడు. చెత్తలో పారేశారనుకుంటా అంది పిల్లతల్లి. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆమెకే ఒళ్లు జలదరించింది. ఆయన తల ఊపాడు. పోనీ అలాంటిదే ఇంకొకటి పక్క మిషనుకు ఉంది కదా, దాన్ని వెలిగించి చూద్దాం, నా మనసు నెమ్మదిస్తుంది అన్నాడు.

వద్దనడానికి ఆమె దగ్గర సాకేమీ లేదు.

ఆయన తను బిగించిన హోల్డరే పెట్టాడు, తను వేసిన వైరే కలిపాడు. గుడ్డ అతికిన టోపీ తొడిగాడు. స్విచ్చి వేసి, ముక్కాలి పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. పసుపు వెలుగు మిషను పలక మీద గుండ్రంగా పడింది. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది, బుట్టలో పిల్ల నిద్రపోతోంది. ఇద్దరూ ఆ వెలుగును చూస్తూ కూర్చున్నారు. వెనక వరండాలో ఎవరో ఏదో అన్నారు, మిగతావాళ్లు గొల్లున నవ్వారు.

చాలాసేపటికి ఆయన చెయ్యి చాచి టోపీ మీద ఆనించాడు. లోపలికి వేలు పెట్టి తడిమాడు. ఇంకాసేపు ఆగి మళ్లీ తడిమాడు.

"చల్లగానే ఉందమ్మాయ్," అన్నాడు.

ఆ మాటకు ఆమె ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది. గండం గడిచిందని ఒక పక్క, ఆ గండాన్ని ఎవరి నెత్తిన దించానో అని ఇంకో పక్క. ఈలోగా బాబాయి మొహం చూసింది. ఆయన మొహంలో రంగు పోయింది. తన తప్పు లేదని తేల్చుకోవడానికి వచ్చిన మనిషి, టోపీది కాదు కనక తప్పంతా తనదేనని తేల్చుకుని కూర్చున్నాడు.

"ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతా," అన్నాడు మెల్లగా. "నాకు ఈ మధ్య దగ్గరి చూపు ఆనట్లేదు తల్లీ. వైరు చివరలు చేత్తో తడుముకునే బిగిస్తున్నా. అద్దాలు పెట్టుకుంటే మెకానిక్ ముసలాడైపోయాడంటారని పెట్టుకోలేదు. పెద్దక్క నన్ను తిడుతుంటే ఎంత కోపం వచ్చిందో. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది. కాల్చింది నేనే."

పిల్లతల్లి ఏదో అనబోయింది. బుట్ట వైపు చూసి ఆగిపోయింది.

ఆయన స్విచ్చి వైపు చూడను కూడా లేదు. చేతుల మసి తుడుచుకుంటూ, ఇక ఈ పని మానేస్తానన్నాడు. ముందుగా వెనక వరండాలోకి వెళ్లి పెద్దక్కతో ఒప్పుకుంటానన్నాడు. అటు నుంచి అటే జారుడత్త ఇంటికి వెళ్లి, ఆవిడ ఏమన్నా పడతానన్నాడు. సంచిలోంచి పట్టకారు తీసి, దాని పిడికి తనే చుట్టుకున్న గుడ్డపేలికను ఒకసారి నిమిరి, మిషను మీద పెట్టాడు. ఎవరికైనా పనికొస్తుందిలే అన్నాడు. లేచాడు.

చూస్తూ కూర్చుంటే చాలు. ఆయన వెళ్లిపోతాడు, ఒప్పుకుంటాడు, అంతా సద్దుమణిగిపోతుంది. బుట్ట బల్ల కిందే ఉంటుంది, పిల్ల బుట్టలోనే ఉంటుంది. ఒక్క మాట కూడా ఆడక్కర్లేదు. అదే ఆమెను భయపెట్టింది. ఇంతకాలం నోరు మెదపకపోవడమే తప్పనుకుంది. ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఒక మనిషి చేత అతని కళ్ల మీద అతనికే నమ్మకం పోగొట్టింది.

గుమ్మం దాకా వెళ్లిన మనిషిని ఆగమంది. "బాబాయ్, ఒక్కసారి వచ్చి కూర్చో," అంది.

లేచి గోడ దగ్గరికి వెళ్లింది. ఫ్యాను స్విచ్చి ఆపింది.

రెక్కలు నెమ్మదించి, రెండు మూడు చుట్లు ఊరికే తిరిగి, ఆగిపోయాయి. గది ఒక్కసారిగా బరువెక్కినట్టైంది. బాబాయికి ఏమీ అర్థం కాలేదు, అయినా వచ్చి కూర్చున్నాడు. చెమట పట్టి పిల్ల కదిలింది, ముక్కింది, లేచి ఏడుపు అందుకుంది. పిల్లతల్లి కాళ్లు బుట్ట వైపు లాగుతున్నాయి. వెళ్లలేదు. పిల్లను ఎత్తుకుంటే మళ్లీ ఫ్యాను వేస్తాను, వేస్తే ఇక ఎప్పటికీ ఆపలేను అనుకుంది. మిషను పలక అంచును రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

ముందు బంక కరిగిన వాసన వచ్చింది. తర్వాత ఇస్త్రీ మాడిన వాసన. వెండి కాగితం ముడతలు పడి, ఒక మూల విడిపోయి, వేడి బల్బు మీదికి వాలింది. సన్నటి పొగ తీగ టోపీ నెత్తిన చీలికల్లోంచి పైకి లేచింది. బాబాయి చటుక్కున ప్లగ్గు లాగేశాడు. వైరును వేళ్ల మధ్య పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడిమాడు. ఎక్కడా వెచ్చగా కూడా లేదు.

ఫ్యాను ఎవరాపారు, పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఏం చేస్తున్నారంటూ పెద్దక్క వరండాలోంచి వచ్చింది. పొగ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

పిల్లతల్లి ఆమె వైపు తిరగలేదు. బాబాయి వైపు చూసే చెప్పింది.

"వైరు కాదు అక్కా. నేను అతికించిన గుడ్డ. ఇంట్లో ఫ్యాను కింద పెట్టి చూశాను, ఆపి చూడలేదు. కాలిన టోపీ నా దగ్గరే ఉంది, పిల్ల బట్టల సంచిలో."

ఎప్పటినుంచి తెలుసని పెద్దక్క అడిగింది. చెయ్యి కాలిన రోజే తెలుసంది.

బాబాయి ఏమంటాడో అని ఎదురుచూసింది. తిడితే బాగుండు. కొట్టినా బాగుండు. ఆయన పట్టకారు తీసుకుని సంచిలో వేసుకున్నాడు. తాడు బిగించాడు. తలెత్తాడు.

"నా కళ్లు పోయాయని నేను చెబుతుంటే," అన్నాడు, "ఎదురుగా కూర్చుని విన్నావు కదా." బుట్ట వైపు చెయ్యి చూపించి, "ముందు పిల్లనెత్తుకో. ఏడుస్తోంది," అన్నాడు.

ఆమె వెళ్లి బిడ్డను ఎత్తుకుంది. చెమటకు తడిసిన ఆ చిన్న తలను భుజానికి అదుముకుంటే అప్పుడు వచ్చింది ఏడుపు, పిల్లదీ తల్లిదీ కలిసి. ఇక మిగిలింది పెద్దక్క మాట. బుట్ట తీసుకుని వెళ్లిపో అంటుంది. అంటే అననీ. పిల్ల బట్టల సంచి చేతికి తగిలించుకుని సిద్ధంగా నిలబడింది.

పెద్దక్క ఆ మాట అనలేదు. పొగలు కక్కుతున్న టోపీ దగ్గరికి వచ్చి, లోపలికి తొంగి చూసి, వింత ప్రశ్న ఒకటి వేసింది.

"గుడ్డ పెట్టినవి ఎన్ని?"

రెండేనంది పిల్లతల్లి. ఒకటి కాలిపోయింది, ఇంకొకటి ఇది. మిగతావన్నీ అభ్రకానివే, వాటికి భయం లేదు.

పెద్దక్క ముక్కాలి పీట మీద కూలబడింది. కార్ఖానాలో ఎవరి ముందూ తల దించని మనిషి తల దించుకుంది.

"ఇంకొకటుంది," అంది.

ఆ తర్వాత చెప్పిందంతా ముక్కలుముక్కలుగా చెప్పింది. ఒక సెలవు రోజు వచ్చి, ఈ మిషను మీది టోపీనే ఊడదీసి, కాగితం మీద పెట్టి, జాకెట్టుకు కొలత తీసుకున్నట్టు అచ్చు గీసుకుంది. లోపల గుడ్డ ఉంది కనక గుడ్డే పెట్టింది. అభ్రకం సంగతి ఆమెకు తెలియనే తెలియదు. చేసి తీసుకెళ్లి తన వదినకు ఇచ్చింది. నేనే కనిపెట్టానని చెప్పుకుంది. పెళ్లైన కొత్తలో, దీనికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదని నలుగురిలో నవ్విన వదిన ఆవిడ. ఆవిడ చేత ఒక్కసారి శభాష్ అనిపించుకోవాలని ఇన్నాళ్లూ ఉందట. అనిపించుకుంది కూడా. ఈ టోపీ వచ్చాక నుదురు కాలట్లేదు, ఇప్పుడు హాయిగా ఎంతసేపైనా కుట్టుకుంటున్నానని వదిన మెచ్చుకుందట.

"ఆవిడ ఫ్యాను వేసుకుంటుంది కదా అక్కా," అంది పిల్లతల్లి.

"ఫ్యాను గాలి తగిలితే తలపోటు వదినకు. ఎప్పుడూ వెయ్యదు. దుమ్ము పడదని కిటికీలూ వేసుకుంటుంది."

జారుడత్త చెయ్యి కాలిన రోజు ఆ సంగతి తట్టలేదా అని ఎవరూ పెద్దక్కను అడగలేదు. వైరుదే తప్పని గట్టిగా నమ్మిన మనిషికి ఎలా తడుతుంది. అలా నమ్మనిచ్చింది ఎవరో పిల్లతల్లికి తెలుసు. నోరు మూసుకుని కూర్చున్న ఆ రోజులన్నీ, ఎక్కడో మేడ మీది గదిలో, తన చెయ్యి కూడా తగలని టోపీ కింద ఒకావిడ తల వంచుకుని కుడుతూనే ఉంది.

పెద్దక్క ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మిషను తొక్కుతుంటే వదినకు ఫోను వినపడదులే అని తనకు తనే చెప్పుకుంది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. వదిన ఆ మేడ మీద ఒక్కతే ఉంటుందని, కుట్టడానికి కూర్చుంటే లోపల గడియ పెట్టుకుంటుందని చెబుతూనే మళ్లీ నంబరు నొక్కింది. బాబాయి సంచి భుజాన వేసుకున్నాడు. గడియ విరగ్గొట్టాలంటే పెద్ద స్క్రూడ్రైవరు ఉండాలని వెతికి తీసి చేత్తో పట్టుకున్నాడు. అద్దాలు లేని ఆ కళ్లతోనే ముందుగా మెట్లు దిగాడు. వెనక పెద్దక్క, చెవి దగ్గర ఫోను దించకుండా. ఆ వెనక పిల్లతల్లి, ఏడుపు ఆపి వెక్కుతున్న బిడ్డను ఎత్తుకుని, కాళ్లకు చెప్పులు లేవని కూడా చూసుకోకుండా.

కార్ఖానా ఊరికి ఈ చివర. వదిన ఇల్లు ఆ చివర. వీధి మొగలో బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. సందులకు అడ్డంపడి పరుగెడుతున్నారు గానీ, వాళ్లు ఇంకా దారిలోనే ఉన్నారు. ఆ ఇంటికి వాళ్లకన్నా దగ్గర్లో ఉన్నది ఇది చదువుతున్న మీరే. కాబట్టి మీ వీధిలోనో, మీ పక్కింటి మేడ మీదో, కిటికీలు వేసుకుని ఒంటరిగా కుట్టుకునే ఆవిడ ఎవరైనా ఉంటే, ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక్కసారి వెళ్లి తలుపు తట్టండి. మిషను చప్పుడు వినపడుతోందో లేదో చూడండి. వినపడకపోతే పేరు పెట్టి పిలవండి. పలికేదాకా పిలుస్తూనే ఉండండి.